ఆటోలో వదిలేస్తే ఆలస్యమంటారు, మాన్యువల్‌కి తీసుకుంటే తొందరంటారు

ఈసారి వచ్చిన ఉత్తరం బాగా పొడుగ్గా ఉంది, కుదించి చెబుతాను. రాసినాయన అణువిద్యుత్ కేంద్రంలో కంట్రోల్ రూమ్ ఆపరేటర్. వయసు నలభై దాటింది. పదిహేనేళ్లకు పైగా పాత యూనిట్‌లోనే పనిచేశారు. గోడ పొడవునా ప్యానెళ్లు, ముల్లు తిరిగే మీటర్లు, చేత్తో తిప్పే స్విచ్‌లు. ఇప్పుడు కొత్త యూనిట్‌కి ఎంపికయ్యారు. అక్కడ ప్యానెళ్ల గోడ లేదు. ఎదురుగా ఒక పెద్ద తెర, ప్రతి మనిషి ముందూ కొన్ని స్క్రీన్‌లు, ప్రొసీజర్లు కూడా స్క్రీన్ మీదే, స్టార్టప్‌లో చాలా భాగం ఆటోలో, అంటే దానంతటదే నడిచిపోతుంది. లైసెన్స్ పరీక్షకు ముందు సిమ్యులేటర్‌లో, అంటే నకలు కంట్రోల్ రూమ్‌లో, ట్రైనింగ్ జరుగుతోంది, చిక్కంతా అక్కడే వచ్చింది.

ఒక సెషన్‌లో తక్కువ పవర్‌లో లోడ్ పెంచుతుంటే స్టీమ్ జనరేటర్ (రియాక్టర్ వేడితో ఆవిరి పుట్టించే పాత్ర) లెవెల్, అంటే నీటి మట్టం, ఊగడం మొదలైంది. ఈయన వెంటనే ఫీడ్‌వాటర్‌ని, అంటే అందులోకి వెళ్లే నీళ్లని, మాన్యువల్‌కి (చేతి నియంత్రణలోకి) తీసుకున్నారు. పాత యూనిట్‌లో అందరూ చేసే పనే అది. ఈలోగా ఇంకో అలారం, దాని కోసం ఇంకో పేజీ తెరవడం, తిరిగి వచ్చేసరికి లెవెల్ కిందికి జారిపోయి రియాక్టర్ ట్రిప్, అంటే దానంతటదే ఆగిపోయింది. ఇన్‌స్ట్రక్టర్ రాసింది: "ఆటోమేషన్‌ను అనవసరంగా తప్పించారు." తర్వాతి సెషన్‌లో ఈయన ఒళ్లు దగ్గర పెట్టుకుని దేన్నీ ముట్టుకోలేదు. ఆ రోజు ఇచ్చింది ప్రైమరీ సర్క్యూట్‌లో (రియాక్టర్ గుండా నీళ్లు తిరిగే వలయంలో) చిన్న లీక్. ఆ వలయం ప్రెషర్‌ని నిలబెట్టే ట్యాంకు ప్రెషరైజర్, దాని లెవెల్ గీత గీసినట్టు నిలబడే ఉంది, ఈయనా నిశ్చింతగానే ఉన్నారు, కంటైన్‌మెంట్ సంప్ (రియాక్టర్ భవనం అడుగున కారిన నీళ్లు చేరే గుంట) అలారం మోగాక గానీ సంగతి తెలియలేదు. ఈసారి రిమార్కు: "ఆలస్యంగా గుర్తించారు." పక్కన కుర్రాళ్లు మౌస్‌తో చకచకా పేజీలు తిప్పేస్తుంటే తాను వాళ్లకు అడ్డమేమో అనిపిస్తోందట. ఇంట్లో చెప్పుకోలేకపోతున్నారు, నిద్ర పట్టడం లేదు. "మెషినే అంతా చేసేస్తుంటే నేను నేర్చుకోవాల్సింది ఏమిటి, చేతులు కట్టుకుని కూర్చోవడమా? పరువు పోకముందే పాత యూనిట్‌కి వెళ్లిపోనా?" అని అడిగారు.

వెళ్లాలా వద్దా అన్నది తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ రెండు రిమార్కుల సంగతి చూద్దాం, ఎందుకంటే మీ టెన్షన్ సగం వాటివల్లే. ఒకాయన ముట్టుకోవద్దంటాడు, మర్నాడు ముట్టుకోలేదేమంటాడు, ఇక ఏం చేయాలి అని మీరు అడుగుతున్నారు. చదివేవాళ్లకి న్యాయంగానే అనిపిస్తుంది. కానీ మీరు రాసిన వివరాలు జాగ్రత్తగా చూస్తే రెండుసార్లూ లోపించింది ఒకటే. ప్లాంటు ఏం చేస్తోందో మీకు తెలుసు, ఆ ప్లాంటు మీద ఆటోమేషన్ ఏం చేస్తోందో మీరు చూడలేదు. మొదటిసారి చూడకుండా లాగేసుకున్నారు, రెండోసారి చూడకుండా వదిలేశారు.

స్టీమ్ జనరేటర్ విషయమే తీసుకోండి. లోడ్ పెంచితే ఆవిరి ఎక్కువ లాగుతాం, లోపల ప్రెషర్ పడుతుంది, నీళ్లలో బుడగలు ఉబ్బుతాయి, మీటర్‌లో లెవెల్ పెరిగినట్టు కనిపిస్తుంది, నిజానికి లోపల నీళ్లు తగ్గుతూ ఉంటాయి. అది చూసి కంగారుపడి ఫీడ్ తగ్గించామా, కాసేపటికి లెవెల్ అమాంతం పడిపోతుంది. అటువైపూ అంతే, చల్లటి నీళ్లు ఎక్కువ పంపితే మొదట లెవెల్ పడి తర్వాత లేస్తుంది. ఇది మీకు చేతికి తెలిసిన విద్య, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. పాత కంట్రోలర్లు తక్కువ పవర్‌లో ఈ ఊగిసలాటను సరిగ్గా పట్టలేకపోయేవి, అంత తక్కువ ప్రవాహాన్ని కొలవడమే వాటికి కష్టం, అందుకే మీరంతా చేతుల్లోకి తీసుకునేవాళ్లు. మంచి అలవాటే, అక్కడ. కొత్త డిజిటల్ కంట్రోలర్‌ని తక్కువ పవర్‌ని కూడా దృష్టిలో పెట్టుకునే తయారుచేస్తారు. మీరు స్విచ్ మార్చే ముందు ఒక్కసారి ఫీడ్ వాల్వ్‌కి కంట్రోలర్ ఇస్తున్న డిమాండ్ సిగ్నల్ (ఎంత తెరుచుకోమంటోందో) చూసి ఉంటే, అది ఉబ్బుని చూసి మోసపోతోందా లేక నిలబడి ఉందా అన్నది తెలిసేది. మోసపోతుంటే తీసుకోవాల్సిందే, ఎవరు ఏం రాసినా సరే. పైగా మాన్యువల్‌కి తీసుకున్నాక అది పూర్తికాలపు పని, ఇంకో పేజీ తెరవాల్సి వస్తే ఫీడ్‌వాటర్‌ని పక్కవాడికి నోటితో అప్పజెప్పాలి. ట్రిప్‌కి అసలు కారణం మీరు మాన్యువల్‌కి తీసుకోవడం కాదు, తీసుకున్నాక వదిలి వెళ్లడం. రిమార్కులో ఆ మాటే లేదు, అది ఇన్‌స్ట్రక్టర్ లోపం అని నా అభిప్రాయం.

లీక్ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ప్రైమరీలోంచి కొద్దిగా నీళ్లు పోతున్నాయి. ప్రెషరైజర్ లెవెల్ కంట్రోలర్ చూసింది, లెవెల్ పడకుండా చార్జింగ్ ఫ్లో, అంటే వలయంలోకి పంపే నీళ్లు, కాస్త పెంచింది. ఆ నీళ్లు వాల్యూమ్ కంట్రోల్ ట్యాంకులోంచి వస్తాయి కాబట్టి ఆ ట్యాంకు తగ్గింది, తగ్గగానే ఆటో మేకప్ (కొత్త నీళ్లు కలిపే ఏర్పాటు) ఆన్ అయ్యి దాన్నీ నింపేసింది. మీ ముందున్న తెరలో లెవెల్ బాగుంది, ట్యాంకూ బాగుంది, అన్నీ పచ్చగా ఉన్నాయి. కంట్రోలర్ తన పని తాను బ్రహ్మాండంగా చేసింది, చేసి లీక్‌ని మీకు కనపడకుండా దాచిపెట్టింది. లెవెల్‌ని కాకుండా ఆ లెవెల్‌ని నిలబెట్టడానికి ఎంత ఖర్చవుతోందో చూసి ఉంటే, అంటే చార్జింగ్‌కీ లెట్‌డౌన్‌కీ (వలయంలోంచి బయటికి తీసే నీళ్లకీ) మధ్య తేడా, మేకప్ ఎన్నిసార్లు ఆన్ అవుతోందన్నది, చాలా ముందే తెలిసిపోయేది. ఆటోలో ఉన్న ప్రతి లూప్‌కీ (కొలిచి, తానే సరిచేసే ఏర్పాటుకీ) ఇదే వర్తిస్తుంది: ఏది నిలకడగా ఉండాలని పెట్టామో అది చివరిదాకా నిలకడగానే ఉంటుంది, రోగం వాల్వ్ ఓపెనింగ్‌లోనో పంప్ ఫ్లోలోనో బయటపడుతుంది. వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నాక ఇక చేసేదేమీ లేక ఆటో చేతులెత్తేస్తుంది, అప్పుడు మీకు అప్పగిస్తుంది. అంటే పరిస్థితి అన్నిటికంటే అధ్వాన్నంగా ఉన్నప్పుడు, కాసేపటి నుంచీ దాన్ని చూడని మనిషి చేతికి. 1983లోనే లిజాన్ బెయిన్‌బ్రిడ్జ్ అనే పరిశోధకురాలు ఇదే ఎత్తిచూపారు, తేలిక పనులన్నీ యంత్రానికి ఇచ్చి, యంత్రం వల్ల కాని కష్టమైనవి మాత్రం రోజూ అభ్యాసం లేని మనిషికి మిగులుస్తున్నామని.

కాబట్టి "నేను నేర్చుకోవాల్సింది ఏమిటి" అన్నదానికి నా సమాధానం: ఆటోమేషన్‌ని షిఫ్ట్‌లో ఇంకో ఆపరేటర్‌గా చూడటం. మంచి పనివాడు, అలసిపోడు, కానీ ఏం చేస్తున్నాడో అడిగితే తప్ప చెప్పడు. దానికి ఏ సెన్సర్ నుంచి సమాచారం వస్తోంది, ఆ సెన్సర్ తప్పు చెబితే అది గుర్తుపడుతుందా లేక దాని వెంటే పోతుందా, ఏ హద్దు దాకా నడుపుతుంది, కరెంటు పోతే వాల్వ్‌ని ఏ పొజిషన్‌లో వదిలేస్తుంది. ప్రతి ముఖ్యమైన లూప్ గురించీ ఇవి మీ నోటి చివర ఉండాలి.

చివరి ప్రశ్న మరీ ముఖ్యం. 2011 మార్చి 11న జపాన్‌లోని ఫుకుషిమా దాయిచి అణు కేంద్రం ఒకటో యూనిట్‌లో సునామీ నీళ్లు వచ్చి డీసీ (బ్యాటరీ) కరెంటు కూడా పోయింది. ఐసొలేషన్ కండెన్సర్ అని పంపులు అక్కర్లేకుండా వేడి తీసేసే ఏర్పాటు ఒకటి ఉంది అక్కడ. కంట్రోల్ పవర్ పోతే దాని లాజిక్ దాన్ని పైపు పగిలినట్టే భావించి వాల్వ్‌లు మూసేలా డిజైన్ చేసి ఉంది. ప్యానెల్ మీద దీపాలు లేవు, అది నడుస్తోందా లేదా అన్నది చాలాసేపు స్పష్టంగా తేలలేదు, డ్యూటీలో ఉన్నవాళ్లెవరికీ ఆ రోజుకు ముందు దాన్ని నిజంగా నడిపిన అనుభవం లేదు. చనిపోతూ ఆటోమేషన్ చివరగా ఏం చేసి వెళ్లిందో తెలియకపోతే అంతే. ప్రమాదంలో పంపులు లేకుండానే చల్లబడే కొత్త పాసివ్ డిజైన్లకు ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. అమెరికా డిజైన్ ఏపీ1000 లాంటి రియాక్టర్‌ని బయటి కరెంటు లేకుండా, ఆపరేటర్ ఏమీ చేయకుండా 72 గంటలు చల్లగా ఉండేలా డిజైన్ చేశారు. వినడానికి ఆపరేటర్‌కి సెలవిచ్చినట్టుంటుంది. కానీ గురుత్వాకర్షణతోనూ సహజ ప్రవాహంతోనూ నడిచే వ్యవస్థలో తోసే శక్తి తక్కువ, మార్పులు నెమ్మది, అది మొదలైందో లేదో గమనించి నిర్ధారించుకోవడం పంప్ స్టార్ట్ చేసి కరెంటు చూసుకున్నంత తేలిక కాదు.

ఇక్కడ మీరు పనికొస్తారు. ఒక ఉదాహరణ చెబుతాను. వేడి లెక్కలో 3,000 మెగావాట్ల రియాక్టర్ ట్రిప్ అయిన క్షణంలో డికే హీట్ (ఆగాక కూడా ఇంధనంలోంచి వచ్చే వేడి) 6 నుంచి 7 శాతం, అంటే సుమారు 200 మెగావాట్లు. గంట గడిచాక 1.5 శాతానికి కాస్త అటూ ఇటూ, అంటే 45 మెగావాట్ల దాకా. ఆ వేడి ఎటో పోవాలి కదా. స్క్రీన్ మీద "కూలింగ్ సాధారణం" అని కనిపిస్తుంటే, ఆ 45 మెగావాట్లు ఏ పైపులోంచి ఎక్కడికి పోతున్నాయో మనసులో లెక్క వేసుకుని, ఆ లెక్కకి తగ్గట్టు ఉష్ణోగ్రతలు ఉన్నాయా అని చూడగలిగే మనిషి కావాలి. మీ పక్కన చకచకా పేజీలు తిప్పే కుర్రాళ్లలో ఎంతమంది అలా చూస్తున్నారో ఒకసారి అడిగి చూడండి. వాళ్లకి వేగం ఉంది, మీకు ప్లాంటు తెలుసు. వాళ్లలో ఒకరితో జత కట్టండి, నావిగేషన్ వాళ్ల దగ్గర నేర్చుకోండి, సిగ్గుపడకుండా. పేజీలు వెతుక్కోవడం అన్నది అభ్యాసంతో వచ్చేదే. నలభై దాటాక రాదన్నది వట్టి భయం.

స్క్రీన్ గురించి ఇంకో మాట, చాలామంది దీన్ని పట్టించుకోరు. పాత కంట్రోల్ రూమ్‌లో మీరు ప్యానెల్ దగ్గరికి నడిచి ఒక స్విచ్ మీద చెయ్యి వేస్తే షిఫ్ట్ మొత్తానికి కనిపిస్తుంది. వెనక కూర్చున్న షిఫ్ట్ ఇన్‌చార్జ్ "ఆగు, అది కాదు" అనగలడు. కొత్తచోట మీ చెయ్యి ఎప్పుడూ మౌస్ మీదే ఉంటుంది, పంప్ ఆపినా పేజీ మార్చినా ఒకే కదలిక. ఎవరికీ తెలియదు. అందుకని ఆ కనిపించేదాన్ని నోటితో భర్తీ చేయాలి, ఏం చేయబోతున్నారో చెప్పడం, అవతలివాడు తిరిగి చెప్పడం, మీరు అవునని ఖాయం చేయడం. పాతచోట ఇది కొంత తంతులా అనిపించి ఉండొచ్చు. ఇక్కడ ఇది లేకపోతే పక్కపక్కనే కూర్చుని ఎవరి ప్లాంటు వాళ్లు నడుపుకుంటున్నట్టు తయారవుతుంది.

నిద్ర పట్టకపోవడం గురించి రాశారు. దాన్ని నేను వైద్యుడిలా చూడలేను, వారాల తరబడి సాగితే మాత్రం ఆక్యుపేషనల్ హెల్త్ వాళ్లకి చెప్పండి, నిద్ర లేకుండా షిఫ్ట్‌లో కూర్చోవడం దాచుకునే విషయం కాదు. కాకపోతే సిగ్గు గురించి ఒకటి చెప్పగలను. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రం రెండో యూనిట్‌లో ప్రెషరైజర్ మీది రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయింది. ప్యానెల్ మీద దీపం మాత్రం మూసుకున్నట్టే చెప్పింది, ఎందుకంటే ఆ దీపానికి తెలిసింది మూసుకోమని ఆదేశం వెళ్లిందన్న సంగతే, వాల్వ్ నిజంగా మూసుకుందో లేదో కాదు. మొదటి కొద్ది నిమిషాల్లోనే వందకు పైగా అలారాలు. ప్రెషరైజర్ లెవెల్ పెరుగుతుంటే, అది నిండిపోకూడదని నేర్పిన శిక్షణ ప్రకారమే ఆపరేటర్లు ఎమర్జెన్సీ నీళ్లని తగ్గించారు. ఆ దారికి అడ్డంగా ఉండే బ్లాక్ వాల్వ్ మూసేసరికి రెండు గంటలకు పైగా గడిచింది. వాళ్లు అసమర్థులు కారు, వాళ్లకి ఇచ్చిన తెర, ఇచ్చిన శిక్షణ వాళ్లని అటే నడిపించాయి. ఆ తర్వాతే కదా ఏం చెడిందో ముందు కనిపెట్టనక్కర్లేకుండా లక్షణాలను బట్టి నడిచే ఎమర్జెన్సీ ప్రొసీజర్లు వచ్చింది, ప్లాంటుకు తగ్గ సిమ్యులేటర్లు తప్పనిసరి అయ్యింది. సిమ్యులేటర్‌లో మీరు ట్రిప్ చేయడం పరువు పోయే విషయమే అయితే ఆ గది కట్టడమే దండగ.

ఇక ఏం చేయాలన్నది. మీ ముందు నాలుగు దారులున్నాయి, నాలుగింటికీ ఖర్చుంది.

ఇదే బ్యాచ్‌లో కొనసాగి పరీక్ష రాయడం. దీనికి మీరు ట్రైనింగ్ వాళ్లని కొన్ని అడగాలి, అడగకపోతే ఇవ్వరు. ఆటోమేషన్ బాగా పనిచేసే సెషన్లే కాదు, అది తప్పుడు సెన్సర్‌ని నమ్మి దారితప్పే సెషన్లు, పనిచేస్తూనే లోపాన్ని దాచే సెషన్లు, స్క్రీన్లు ఒక్కొక్కటీ ఆరిపోయి బ్యాకప్ ప్యానెల్‌కి వెళ్లాల్సిన సెషన్లు కావాలని అడగండి. మాన్యువల్ అభ్యాసం కూడా సిమ్యులేటర్‌లోనే, ఎందుకంటే నిజమైన ప్లాంటులో ఆ అవకాశం అరుదు, సరదాకి మాన్యువల్‌లో నడుపుతానంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. చేతి విద్య వాడకపోతే మొద్దుబారుతుంది, లైసెన్స్ వచ్చాక కూడా రీక్వాలిఫికేషన్‌లో (లైసెన్స్ నిలుపుకునే శిక్షణలో) దీన్ని అడుగుతూనే ఉండాలి. ఈ దారిలో ప్రమాదం ఏమిటంటే పరీక్షలో పోతే పోవచ్చు. పోయినా మళ్లీ రాయొచ్చు గానీ, ఇప్పుడున్న మనఃస్థితిలో ఆ దెబ్బ ఎంత తగులుతుందో మీకే తెలియాలి.

ఒక బ్యాచ్ వెనక్కి అడగడం. ఇందులో అవమానం ఉందని మీరు అనుకుంటారు, నేను అనుకోను. కానీ ఆ ఖాళీ సమయంలో ఏం చేస్తారన్నది ముందే తేల్చుకుని అడగండి. ఊరికే వాయిదా వేస్తే భయం పెరగడానికి సమయం ఇచ్చినట్టే అవుతుంది. కంట్రోల్ లాజిక్ డ్రాయింగులు చదవడానికి, కమిషనింగ్ టెస్టుల్లో (ప్లాంటు మొదలుపెట్టే ముందు పరీక్షల్లో) లూప్‌లు ట్యూన్ చేస్తుంటే పక్కన కూర్చుని చూడటానికి వీలైతే ఇంతకంటే మంచి అవకాశం దొరకదు. కంట్రోలర్ ఎలా ఆలోచిస్తుందో దాన్ని సరిచేసేవాళ్ల దగ్గర నేర్చుకున్నంత బాగా క్లాసులో రాదు.

పాత యూనిట్‌కి తిరిగి వెళ్లడం. వెళ్లొచ్చు, అది ఓటమి కాదు, అక్కడా అనుభవజ్ఞులు కావాలి. అయితే పాత యూనిట్లలోనూ ఒక్కొక్క సిస్టమ్‌నీ డిజిటల్‌కి మారుస్తున్నారు, ఫీడ్‌వాటర్, టర్బైన్ కంట్రోల్ లాంటివి ముందు మారతాయి. ఇప్పుడు తప్పించుకున్నది కొన్నేళ్లలో అక్కడికే వస్తే అప్పుడు ముక్కలుముక్కలుగా, సగం పాతది సగం కొత్తదితో నేర్చుకోవాలి, అది నా లెక్కలో ఇంకా కష్టం.

నాలుగోది మీరు రాయలేదు, నేనే చెబుతున్నా. ఇన్‌స్ట్రక్టర్‌గానో, స్క్రీన్ ప్రొసీజర్లని ఆపరేటర్ కంటితో పరీక్షించే జట్టులోనో చేరడం. మీలాగా రెండు కంట్రోల్ రూములూ తెలిసినవాళ్లు అక్కడ అవసరం. దీనికి ఖర్చు లైసెన్స్. నియమాలు దేశాన్ని బట్టి ఉంటాయి, అమెరికాలో అయితే లైసెన్స్ యాక్టివ్‌గా ఉండాలంటే ప్రతి మూడు నెలలకీ, ఎనిమిది గంటల షిఫ్ట్‌లైతే కనీసం ఏడు, పన్నెండు గంటల షిఫ్ట్‌లైతే కనీసం ఐదు నిజంగా చేయాలి. మీ దగ్గర ఇలాంటిది ఏముందో కనుక్కుని గానీ అడుగు వేయకండి. కొత్త యూనిట్ లైసెన్స్ అసలు తీసుకోకుండా ఇన్‌స్ట్రక్టర్ అయితే కుర్రాళ్ల ముందు మీ మాట చెల్లుతుందా అన్నది కూడా ఆలోచించండి.

నన్ను అడిగితే మొదటి రెండింటి మధ్యే చూడమంటాను, ఏది అన్నది వచ్చే సెషన్ తేలుస్తుంది. దానికి ముందు ఒక చిన్న పని. ప్రతి పెద్ద మార్పుకి ముందు, లోడ్ పెంచడం కావచ్చు, పంప్ మార్చడం కావచ్చు, "ఇప్పుడు ఆటో ఏం చేస్తుంది, ఏ వాల్వ్ ఎటు కదులుతుంది" అని పైకి చెప్పండి, నాలుగు ముక్కల్లో చాలు. చెప్పినట్టు కదిలితే వదిలేయండి. కదలకపోతే ఎందుకు కదల్లేదో చూడండి, అప్పటికీ అర్థం కాకపోతే షిఫ్ట్ ఇన్‌చార్జ్‌కి చెప్పి చేతుల్లోకి తీసుకోండి. రాత్రి షిఫ్ట్‌లో ఏమీ జరగనప్పుడు కూడా ఇదే పని చేస్తుంది. మార్పు లేని తెరని ఊరికే చూస్తూ ఉంటే అరగంటలోనే చూపు మందగిస్తుంది, ముందు ఊహించి తర్వాత సరిచూసుకునేవాడికి చూడటానికి ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది.

డీబ్రీఫ్‌లో (సెషన్ తర్వాత జరిగే చర్చలో) రిమార్కు రాయించుకుని వచ్చేయకండి. "నేను మాన్యువల్‌కి తీసుకున్న క్షణంలో కంట్రోలర్ ఏం చేస్తోంది, ట్రెండ్ వేసి చూపించండి" అని అడగండి, సిమ్యులేటర్‌లో అంతా రికార్డయి ఉంటుంది. "తీసుకోవచ్చు అనడానికి హద్దు ఏది" అని కూడా అడగండి. ఇన్‌స్ట్రక్టర్ ఆ హద్దు చెప్పగలిగితే బ్యాచ్ మారాల్సిన పని లేదు, పరీక్షకు కూర్చోండి. చెప్పలేకపోతే ట్రైనింగ్ మేనేజర్‌కి ఆ ప్రశ్నే రాతపూర్వకంగా పంపి, జవాబు వచ్చేదాకా ఒక బ్యాచ్ ఆగుతానని అందులోనే రాయండి.